రాత్రి రెండింటికి లేపే దగ్గు: ఒక ట్రాపికల్ పల్మనరీ ఇసినోఫిలియా కేసు

ట్రాపికల్ పల్మనరీ ఇసినోఫిలియా అంటే బోదకాలు తెచ్చే ఫైలేరియా క్రిమి మీద శరీరం అతిగా విరుచుకుపడటం వల్ల ఊపిరితిత్తులకు వచ్చే జబ్బు. రోగి వయసు 34. ఎత్తు 168 సెంటీమీటర్లు, బరువు 58 కిలోలు. కోనసీమలో చేపల చెరువుల దగ్గర పని చేస్తాడు. సిగరెట్, బీడీ అలవాటు లేదు. చిన్నప్పుడు ఉబ్బసం లేదు, ఇంట్లో ఎవరికీ లేదు. ఏడు నెలలుగా దగ్గు, మూడు నెలలుగా ఆయాసం. మా దగ్గరికి వచ్చేసరికి చేతిలో రెండు ఇన్‌హేలర్లు, ప్లాస్టిక్ కవర్ నిండా చీటీలు, వాటిలో సగం మీద ‘ఆస్తమా’ అన్న మాట. (ఆయన అనుమతితోనే రాస్తున్నాను. ఎవరో గుర్తుపట్టే వివరాలు మార్చాను.)

దగ్గు సంగతి ఆయన కన్నా భార్యే బాగా చెప్పింది. “పడుకునేటప్పుడు బానే ఉంటారండి. రెండు, రెండున్నర అయ్యేసరికి మొదలవుద్దండి. ఇంక తెల్లారేదాకా మంచం మీద కూర్చునే ఉంటారండి.” రాత్రి దగ్గు ఆస్తమాలోనూ వస్తుంది కాబట్టి దాన్నిబట్టి ఏదీ తేల్చలేం. కానీ దానికి తోడు మరికొన్ని ఉన్నాయి. దగ్గు పొడిది, తెరలు తెరలుగా వస్తోంది. సాయంత్రాలు ఒళ్లు వెచ్చబడుతోంది. ఐదు కిలోల బరువు తగ్గాడు. ఇన్‌హేలర్ సరిగ్గానే పీలుస్తున్నాడు (మా ముందు పీల్చి చూపించాడు), అయినా పెద్దగా ఉపయోగం లేదు. స్టిరాయిడ్ మాత్రలు వేసుకుంటే మాత్రం రెండు రోజుల్లో హాయిగా ఉంటుంది, ఆపిన వారానికి మళ్లీ మొదటికొస్తుంది.

స్టెత్ పెట్టి వింటే రెండు వైపులా కింది భాగాల్లో పిల్లికూతలతో పాటు చిటపట శబ్దాలు కూడా ఉన్నాయి. ఆస్తమా ఒక్కటే అయితే ఆ చిటపటలు ఉండకూడదు. కూర్చున్నప్పుడు ఆక్సిజన్ 95 శాతం. కాళ్ల వాపు లేదు, వృషణాల్లో నీరు లేదు.

కవర్‌లో దొరికిన లెక్క

కవర్‌లో రెండు సీబీపీ (రక్తకణాల లెక్క) రిపోర్టులున్నాయి. ఐదు నెలల కిందటి దానిలో తెల్లకణాలు 16,800, వాటిలో ఇసినోఫిల్స్ అనే రకం 48 శాతం. ఎవరో దాని వెనకాల ‘నులిపురుగులు’ అని రాసి ఒక ఆల్బెండజోల్ ఇచ్చారు. రెండు నెలల కిందటి దానిలో తెల్లకణాలు 10,400, ఇసినోఫిల్స్ 7 శాతం. తర్వాత చూసిన డాక్టర్లు పైనున్న ఈ రిపోర్టే చూశారు. ఆస్తమా ఉన్నవాళ్లలో 7 శాతం కనిపిస్తే ఎవరికీ వింతగా అనిపించదు.

ఈ రెండో రక్తపరీక్ష రోజుకి ఆయన ప్రెడ్నిసొలోన్ (స్టిరాయిడ్ మాత్ర) వాడుతున్నాడు. రక్తంలో ఇసినోఫిల్స్‌ను స్టిరాయిడ్ గంటల్లోనే దించేస్తుంది. రెండో రిపోర్టు అబద్ధం కాదు గానీ, మందు మీద ఉన్న మనిషి రిపోర్టు అది. ఇంకో సంగతి, శాతం చూడగానే ఆగిపోకూడదు, గుణించాలి. 16,800లో 48 శాతమంటే మైక్రోలీటరుకు 8,064. మామూలు మనుషుల్లో ఇది 500 దాటదు. నులిపురుగులకు, అలర్జీకి, ఆస్తమాకి ఇది 1,000 – 1,500 దాకా వెళ్లడం చూస్తాం. 3,000 దాటితే ఆలోచించాల్సిన జబ్బుల జాబితా బాగా చిన్నదైపోతుంది.

మాత్రలు ఆపి రెండు వారాలు దాటిన తర్వాత మళ్లీ పరీక్ష చేయించాం. తెల్లకణాలు 18,400, ఇసినోఫిల్స్ 52 శాతం, అంటే 9,568. అలర్జీలో, పురుగుల వల్ల పెరిగే యాంటీబాడీ ఐజీఈ 6,200. ఎక్స్‌రేలో రెండు ఊపిరితిత్తుల్లోనూ మధ్య, కింది భాగాల్లో సన్నటి చుక్కలు, గీతలు. ఇదే ఎక్స్‌రే చూసి అంతకుముందు ఒకచోట మిలియరీ టీబీ (ఊపిరితిత్తుల నిండా చుక్కల్లా వ్యాపించే క్షయ) అని అనుమానపడ్డారట. తెమడలో టీబీ క్రిమిని వెతికే ట్రూనాట్ పరీక్ష నెగెటివ్ వచ్చినా టీబీ మందులు మొదలుపెడదామన్నారట. ఈయన భయపడి వెళ్లలేదు. డాక్టర్ మాట వినకపోవడం మంచిదైన సందర్భాలు అరుదు, ఇదొకటి.

ఇసినోఫిల్స్ ఇంతగా పెరిగి, ఊపిరితిత్తుల్లో మచ్చలున్నప్పుడు వరసగా కొన్నిటిని కొట్టేసుకుంటూ రావాలి. ఆస్పర్‌జిల్లస్ ఐజీఈ నెగెటివ్, సీటీలో గాలిగొట్టాలు మధ్య భాగంలో వెడల్పవలేదు, కాబట్టి ఏబీపీఏ (ఆస్పర్‌జిల్లస్ బూజుకు ఊపిరితిత్తుల్లో వచ్చే అలర్జీ జబ్బు) కాదు. సైనస్ ఇబ్బంది, తిమ్మిర్లు, చర్మం మీద మచ్చలు లేవు, యాంకా రక్తపరీక్ష నెగెటివ్, కాబట్టి వ్యాస్కులైటిస్ (రక్తనాళాల వాపు) అనుకోవడానికి ఆధారం లేదు. ఇసినోఫిల్స్‌ను పెంచే మందులేవీ వాడలేదు. చెప్పుల్లేకుండా బురదలో తిరిగే మనిషి కాబట్టి స్ట్రాంగిలాయిడిస్ అనే పేగు పురుగు కోసం మూడు రోజులు మలపరీక్ష చేయించాం, ఏమీ కనిపించలేదు. ఆ పురుగు ఉండగా స్టిరాయిడ్ ఇస్తే ఒళ్లంతా పాకే ప్రమాదం ఉంది, అందుకే ఈ పరీక్ష విషయంలో నేను గట్టిగా ఉంటాను. ముందుజాగ్రత్తగా ఐవర్‌మెక్టిన్ ఇచ్చేద్దామని మా జూనియర్ అన్నాడు. వద్దన్నాను. అది ఫైలేరియా క్రిమి మీద కూడా పనిచేస్తుంది. రోగం తగ్గితే దేనివల్ల తగ్గిందో చెప్పలేని పరిస్థితి వస్తుంది.

ఫైలేరియా యాంటీబాడీలు చాలా ఎక్కువగా ఉన్నాయి. రాత్రిపూట తీసిన రక్తంలో మైక్రోఫైలేరియా (ఆ పురుగు పిల్లలు) మాత్రం లేదు. ఈ రెండోది చూసి ‘అయితే ఫైలేరియా కాదు’ అనేస్తుంటారు. ఈ జబ్బులో రక్తం ఖాళీగా ఉండటమే సహజం. పెద్ద పురుగులు లింఫ్ నాళాల్లో ఉండి పిల్లలను వదులుతాయి. మామూలు రోగిలో అవి రాత్రిళ్లు రక్తంలో తిరుగుతూ దోమ కోసం ఎదురుచూస్తాయి. ఇలాంటి రోగిలో అవి ఊపిరితిత్తుల సన్న నాళాల దగ్గరకు రాగానే శరీరం వాటి మీద విరుచుకుపడి అక్కడికక్కడే చంపేస్తుంది. దగ్గు, ఆయాసం, చుక్కల ఎక్స్‌రే అన్నీ ఆ యుద్ధం తాలూకువే. ఫైలేరియా సోకినవాళ్లలో నూటికి ఒక్కరికి కూడా ఇది రాదు. వచ్చేది ఎక్కువగా యువకులకు.

మదనపల్లె ముచ్చట

ఈ జబ్బు చరిత్ర మన ఊళ్ల దగ్గరే మొదలైందని వైద్య విద్యార్థులకు చెబితే ఆశ్చర్యపోతారు. మదనపల్లె దగ్గర ఆరోగ్యవరం క్షయ శానటోరియంలో పనిచేసిన డేనిష్ డాక్టర్ క్రిస్టియన్ ఫ్రీమాట్-మోలర్, బార్టన్ అనే మరొకరితో కలిసి 1940లో ఇండియన్ మెడికల్ గెజెట్‌లో ఒక వ్యాసం రాశారు. క్షయ అని చెప్పి తమ దగ్గరకు పంపినవారిలో కొందరికి ఎక్స్‌రే క్షయలాగే ఉంది గానీ తెమడలో క్రిమి దొరకడం లేదు, రక్తంలో ఇసినోఫిల్స్ విపరీతంగా ఉన్నాయి. దానికి వాళ్లు క్షయను పోలిన జబ్బు అనే పేరు పెట్టారు. మా రోగికి మిలియరీ టీబీ అన్నవాళ్లు ఎనభై ఏళ్ల కిందటి ఆ అయోమయంలోనే పడ్డారు.

1943లో వైన్‌గార్టెన్ అనే డాక్టర్ దీనికి ట్రాపికల్ ఇసినోఫిలియా అని పేరు పెట్టాడు. అప్పట్లో ఆర్సెనిక్ సూదులు వేసేవారు. తగ్గేది, ఎందుకు తగ్గుతోందో తెలిసేది కాదు. 1960లో వేలూరు సీఎంసీలో వెబ్, జాబ్, గాల్ట్ ముగ్గురూ రోగుల ఊపిరితిత్తుల్లో, కాలేయంలో, లింఫ్ గ్రంథుల్లో మైక్రోఫైలేరియాను చూపించారు. దాంతో కారణం తేలింది. మందు కూడా అప్పటికే చేతిలో ఉంది: డైఇథైల్ కార్బమజైన్, అంటే డీఈసీ. పాతకాలం డాక్టర్లు ఇప్పటికీ హెట్రజాన్ అనే అంటారు.

ఊపిరి కొలిస్తే ఏం తెలిసింది

నాకు ఈ కేసులో అన్నిటికన్నా ముఖ్యంగా అనిపించిన భాగం ఇది. మామూలు క్లినిక్‌లో చాలామంది దాకా చేరనిదీ ఇదే.

మొదట స్పైరోమెట్రీ, అంటే గొట్టంలోకి గట్టిగా ఊదించి గాలిని కొలిచే పరీక్ష. మొత్తంగా ఊదిన గాలి 2.50 లీటర్లు, ఉండాల్సిన దానిలో 64 శాతం. మొదటి సెకనులో ఊదింది 1.85 లీటర్లు, 58 శాతం. రెండింటి నిష్పత్తి 74 శాతం. గాలిగొట్టాలు వెడల్పు చేసే మందు ఇచ్చి మళ్లీ ఊదిస్తే పెరిగింది 120 మిల్లీలీటర్లే. ఆస్తమాలో అడ్డంకి ప్రధానంగా కనిపించాలి, నిష్పత్తి బాగా పడిపోవాలి, మందుకు లేవాలి. ఇక్కడ ఊపిరితిత్తి పరిమాణమే తగ్గింది. హీలియంతో కొలిచిన మొత్తం సామర్థ్యం 70 శాతం. అంటే ప్రధానంగా రెస్ట్రిక్షన్ (పరిమాణం తగ్గడం), దానికి తోడు కొద్దిగా అబ్‌స్ట్రక్షన్ (అడ్డంకి). పిల్లికూతలు వినబడినంత మాత్రాన ఆస్తమా అయిపోదని చెప్పడానికి ఇంతకన్నా మంచి కాగితం లేదు.

తర్వాత డీఎల్‌సీఓ, అంటే ఊపిరితిత్తుల నుంచి రక్తంలోకి గ్యాస్ ఎంత బాగా దాటుతోందో కొలిచే పరీక్ష. ముక్కుకి క్లిప్పు పెట్టి, గాలంతా ఖాళీ చేయించి, 0.3 శాతం కార్బన్ మోనాక్సైడ్, కొంచెం హీలియం కలిపిన గాలిని ఒక్కసారిగా గుండెల నిండా పీల్పిస్తాం. పది సెకన్లు బిగబట్టాలి, ఆపైన వదలాలి. కార్బన్ మోనాక్సైడ్‌కి హిమోగ్లోబిన్ అంటే ఆక్సిజన్ కన్నా రెండొందల రెట్లకు పైగా మోజు. ఊపిరితిత్తుల్లోని గాలి సంచుల గోడ దాటి రక్తంలోకి చేరిన ప్రతి అణువునీ అది పట్టేసుకుంటుంది. కాబట్టి పది సెకన్లలో ఎంత గ్యాస్ మాయమైందో చూస్తే గాలి సంచి గోడ ఎంత బాగా పనిచేస్తోందో తెలిసిపోతుంది. మా రోగికి మొదటిసారి ఏడో సెకనులో దగ్గు తెర వచ్చి అంతా వృథా అయింది. టెక్నీషియన్ నాలుగు నిమిషాలు ఆగి (ముందు గ్యాస్ పూర్తిగా బయటికి పోవాలి) మళ్లీ చేయించింది. ఈసారి పదో సెకను దాకా కళ్లు మూసుకుని బిగబట్టాడు. మెడ నరాలు ఉబ్బాయి. ఫలితం 52 శాతం. హిమోగ్లోబిన్ కాస్త తక్కువగా ఉంది, ఆ తేడా సరిచేశాక కూడా మార్పు అంతంతే.

కూర్చుంటే 95 ఉన్న ఆక్సిజన్ ఇంత తక్కువ డీఎల్‌సీఓతో ఎలా నిలబడింది? ఈ ప్రశ్న పీజీలను నేను తప్పక అడుగుతాను. విశ్రాంతిగా ఉన్నప్పుడు ఒక ఎర్రకణం గాలి సంచి పక్కనుంచి పోవడానికి ముప్పావు సెకను పడుతుంది. ఆరోగ్యంగా ఉంటే పావు సెకనులోనే ఆక్సిజన్ నిండిపోతుంది, మిగతా అరసెకను అదనం. గోడ మందమెక్కితే ఆ అదనమంతా వాడుకుని ఎలాగో నింపుకుంటుంది. నడిస్తే గుండె వేగం పెరిగి రక్తం పరిగెడుతుంది, ముప్పావు కాస్తా పావు దగ్గరికి వచ్చేస్తుంది. అప్పుడు లోటు బయటపడుతుంది. వార్డు వరండాలో ఆరు నిమిషాలు నడిపించాం. మొదటి రెండు నిమిషాలు 94, 93. నాలుగో నిమిషంలో 88. ఆగి గోడ పట్టుకున్నాడు. మొత్తం నడిచింది 390 మీటర్లు. చెరువు గట్టు మీద మేత బస్తా మోయలేకపోతున్నానని ఆయన చెబుతుంటే ‘పని ఎగ్గొడుతున్నాడు’ అని ఊళ్లో అన్నారట. బస్తా మోస్తే ఎంతకి పడిపోతుందో ఊహించుకోవచ్చు.

ఈ విషయంలో మనకు దారి చూపింది మద్రాసు చేట్‌పట్‌లోని క్షయ పరిశోధన కేంద్రంలో వి.కె. విజయన్ బృందం చేసిన పని. ఆయన తర్వాత ఢిల్లీ వల్లభ్‌భాయ్ పటేల్ చెస్ట్ ఇన్‌స్టిట్యూట్‌కి డైరెక్టర్ అయ్యారు. అంటువ్యాధి, శ్వాస శరీరధర్మ శాస్త్రం రెండూ ఒకే మనిషి చేతిలో కలవడం అరుదు. క్రిమి పక్క చూసేవాళ్లు ఊపిరి కొలవరు, ఊపిరి కొలిచేవాళ్లకు క్రిమి మీద ఆసక్తి ఉండదు. విజయన్ రెండూ చేశారు. 1957లో రఫ్టన్, ఫార్‌స్టర్ అనే శాస్త్రవేత్తలు ఒక సూత్రం చెప్పారు: గ్యాస్ దాటడానికి ఎదురయ్యే మొత్తం అడ్డంకిలో కొంత గోడది, కొంత రక్తానిది. రెండు రకాల ఆక్సిజన్ స్థాయిల దగ్గర డీఎల్‌సీఓ కొలిస్తే ఆ రెంటినీ విడదీయవచ్చు. విజయన్ బృందం ఈ జబ్బున్నవాళ్లలో అలా విడదీసి చూసింది. తగ్గింది గోడ వాటా. సన్న నాళాల్లో రక్తం పరిమాణం తగ్గలేదు. ఈ ఫలితాలు 1990లో చెస్ట్ పత్రికలో వచ్చాయి.

మా ల్యాబ్‌లో ఆ విడదీసే ఏర్పాటు లేదు. కానీ ఆ పరిశోధన తెలిస్తే 52 శాతం అనే అంకెకు అర్థం మారిపోతుంది. నాళాలు పూడిపోయి కాదు, గోడలోకి కణాలు చేరి వాచిపోయి అది తగ్గింది. వాపు తీయగలిగితే అంకె లేస్తుంది. తీయకుండా ఏళ్లు గడిపేస్తే వాపు ఉన్నచోట ఫైబ్రోసిస్ (గట్టిపడిన మచ్చ) వస్తుంది, ఇక డీఈసీ ఇచ్చినా పెద్దగా లాభం ఉండదు.

మందు, ఆ తర్వాత

డీఈసీ మోతాదు కిలోకి రోజుకు 6 మిల్లీగ్రాములు, మూడు వారాలు. 58 కిలోలకు సుమారు 350. వంద మిల్లీగ్రాముల మాత్రలు పొద్దున ఒకటిన్నర, మధ్యాహ్నం ఒకటి, రాత్రి ఒకటి, తిన్నాకే. రెండో రోజు జ్వరం, తలతిప్పు, వికారం వచ్చాయి. ముందే చెప్పి ఉంచాం కాబట్టి మందు ఆపలేదు, పారాసెటమాల్‌తో సర్దుకున్నాడు. ఇది చెప్పకపోతే రెండో రోజుకే మాత్రలు చెత్తబుట్టలోకి పోతాయి. అసలు ఏటా ఇంటింటికీ వచ్చి ఇచ్చే బోదకాలు మాత్రల గురించి అడిగితే “తల తిరుగుద్దంటారు కదండీ, ఎప్పుడూ మింగలేదండి” అన్నాడు. చేతిలో వేసుకుని, ఆరోగ్య సిబ్బంది వెళ్లగానే కిటికీలో పెట్టేసేవాడట. ఆ ఊళ్లో ఆయన ఒక్కడే అలా చేసి ఉండడు.

ఐదో రోజు రాత్రి మొదటిసారి తెల్లారేదాకా నిద్రపోయాడు. పది రోజులకు పిల్లికూతలు పోయాయి. మూడు వారాలకు ఇసినోఫిల్స్ 420. డీఈసీకి ఇంత త్వరగా లొంగడం కూడా రోగనిర్ధారణలో భాగమే. ఎక్స్‌రే చాలావరకు శుభ్రపడింది. ఊదిన గాలి 3.25 లీటర్లకు, మొదటి సెకనుది 2.65కి లేచాయి. రెండూ 83 శాతం. వరండాలో 470 మీటర్లు నడిచాడు, ఆక్సిజన్ 92 కన్నా కిందికి రాలేదు. ఇన్‌హేలర్లు రెండూ ఆపేశాం.

చాలాచోట్ల ఫైలు ఇక్కడ మూసేస్తారు. దగ్గు లేదు, కౌంట్ మామూలైంది, రోగి సంతోషంగా ఉన్నాడు. డీఎల్‌సీఓ మాత్రం 63 దగ్గరే ఉంది. అందుకే ఆర్నెల్లకు రమ్మన్నాం.

వచ్చాడు. దగ్గు లేదు, పనికి వెళ్తున్నాడు, పరీక్షలెందుకని కాస్త చిరాకు పడ్డాడు. ఇసినోఫిల్స్ మళ్లీ 1,150. ఊదిన గాలి 88 శాతం, మామూలే. డీఎల్‌సీఓ 66. గాలిగొట్టాలు, పరిమాణం కోలుకున్నాయి గానీ గోడ కోలుకోలేదు. ఇదీ కొత్త సంగతి కాదు. మద్రాసు బృందం అమెరికాలోని జాతీయ ఆరోగ్య సంస్థల శాస్త్రవేత్తలతో కలిసి ఊపిరితిత్తులను సెలైన్‌తో కడిగి చూసింది. జబ్బు తీవ్రంగా ఉన్నప్పుడు అలా కడిగి తీసిన కణాల్లో సగం దాకా ఇసినోఫిల్సే. డీఈసీ ఇచ్చిన కొద్ది రోజుల్లోనే అవి బాగా తగ్గాయి. అయితే మూడు వారాల మందు ముగిసిన ఏడాదికి కూడా కొందరిలో సన్నగా వాపు కొనసాగుతోందని, అక్కడి కణాలు కణజాలాన్ని దెబ్బతీసే ఆక్సిడెంట్లను ఎక్కువగా వదులుతున్నాయని అదే బృందం 1990లో చెప్పింది. బయటికి ఏ లక్షణమూ లేకుండా లోపల నిప్పు రాజుకుంటున్నట్టే.

అప్పుడు ఏం చేయాలన్నదానికి గట్టి ట్రయల్స్ ఆధారం లేదు. మళ్లీ మూడు వారాలు డీఈసీ ఇవ్వడం మీద పెద్దగా పేచీ లేదు, ఎందుకంటే జబ్బు తిరగబెట్టడం మామూలే, కుట్టే దోమా ఆ ఊళ్లోనే ఉంది. దానితో పాటు నాలుగు వారాలు ప్రెడ్నిసొలోన్, తగ్గించుకుంటూ ఇచ్చాను. ఇది నా నిర్ణయం. స్టిరాయిడ్ ఎందుకని అడిగే సహచరులున్నారు, వాళ్ల ప్రశ్న న్యాయమైనదే. మలపరీక్ష మళ్లీ చేయించాకే మొదలుపెట్టాను, షుగర్ చూస్తూ వచ్చాం.

ఏడాదికి ఇసినోఫిల్స్ 380, ఐజీఈ 1,400. డీఎల్‌సీఓ 76 శాతం. నడిపిస్తే ఆక్సిజన్ 94. సీటీలో కింది భాగాల్లో కొన్ని సన్నటి గీతలు మిగిలాయి, అవి పోయేలా లేవు. రెండో విడతలో డీఈసీ పనిచేసిందా, స్టిరాయిడ్ పనిచేసిందా, కాలమే పనిచేసిందా అన్నది ఒక్క రోగిని బట్టి చెప్పలేను.

ఆస్తమా అని వచ్చే ప్రతివాడికీ ఈ పరీక్షలన్నీ రాయమని నేననను, డీఎల్‌సీఓ ఖరీదైనది, అన్ని ఊళ్లలో దొరకదు. బోదకాలు కేసులు తగ్గుతున్న కొద్దీ ఈ జబ్బును చూసిన డాక్టర్లూ తగ్గుతున్నారు, అదే నా టెన్షన్. గోదావరి జిల్లాల నుంచి, ఉత్తరాంధ్ర నుంచి, లేదా అక్కడ పెరిగి హైదరాబాద్‌కో గల్ఫ్‌కో వెళ్లిన కుర్రాడు మందులకు లొంగని రాత్రి దగ్గుతో వస్తే, స్టిరాయిడ్ ఆపాక తీసిన ఒక సీబీపీ చాలు, కాలిక్యులేటర్ ఫోన్‌లోనే ఉంది. 3,000 దాటితే అప్పుడు మిగతావి. మా రోగికి తర్వాతి డీఎల్‌సీఓ మరో ఆర్నెల్లకు రాశాను. ఈ ఏడాది బోదకాలు మాత్రలు ఇంట్లో అందరూ సిబ్బంది ముందే మింగారని ఆయన భార్య చెప్పింది.